ఉచిత టీకా మీ గుమ్మం దాకా రాకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల టీకాలన్నీ ప్రభుత్వం ఉచితంగానే వేస్తోంది కదా, ఇంకా అందకపోవడం ఏమిటి?

టీకాకు పైసా తీసుకోరు, నిజమే. టీకా దాకా వెళ్ళడానికి మాత్రం ఖర్చుంది. ఆ రోజు కూలి పోతుంది, ఆటోకు డబ్బవుతుంది, రాత్రికి బిడ్డకు జ్వరం వస్తే మర్నాటి కూలి కూడా పోతుంది. వీటన్నిటి పైన "మీది ఈ ఊరు కాదుగా" అన్న మాట ఒకటి.

సార్వత్రిక టీకా కార్యక్రమం దేశంలో 1985లో మొదలైంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏడాది నిండి రెండేళ్ళ లోపున్న పిల్లల్లో ప్రాథమిక టీకాలన్నీ పడినవాళ్ళు 62 శాతం. 2019-21 సర్వేకు 76.4 శాతం అయ్యారు. పెరిగిన మాట వాస్తవమే, అయినా నలుగురిలో ఒకరికి ఏదో ఒకటి తప్పుతూనే ఉంది. ఆ ఒకరు తరచుగా వలస కూలీ బిడ్డో, అడవి గూడెం బిడ్డో, పట్నం అంచున గుడిసెల్లో పుట్టిన బిడ్డో అవుతారు. ఐదు జబ్బులను ఒకే సూదితో అడ్డుకునే పెంటావాలెంట్ ఒక్క డోసు కూడా పడని పిల్లల్ని ఆరోగ్య శాఖ లెక్కల్లో "జీరో డోసు" పిల్లలంటారు.

దీనికంతటికీ "జనం అపోహలు" అని ఒక పేరు పెట్టి ఊరుకోవడం తేలిక. అపోహలు లేవని అనడం లేదు. కానీ టీకా వేయించని తల్లిని ముందుగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: టీకా వేసే సిస్టర్ వచ్చే వేళకు మీరెక్కడుంటారు?

ఏ వయసుకు ఏ టీకా?

పుట్టగానే మూడు: క్షయకు బీసీజీ, పోలియో చుక్కల సున్నా డోసు, హెపటైటిస్-బి సూది. హెపటైటిస్-బి 24 గంటల్లోపు పడాలి, పోలియో సున్నా డోసుకు 15 రోజుల గడువుంది. కాన్పు చేసిన ఆసుపత్రే ఈ మూడూ వేసి పంపాలి. డిశ్చార్జి కాగితంలో వేసినట్టు రాసి ఉందో లేదో చూసుకుని గడప దాటండి. రెండో శనివారమో పండగో అడ్డొచ్చి ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే.

6 వారాలకు పెంటావాలెంట్, పోలియో చుక్కలు, విరేచనాలకు రోటా, పోలియో సూది, న్యుమోనియాకు పీసీవీ. 10 వారాలకు పెంటావాలెంట్, పోలియో చుక్కలు, రోటా. 14 వారాలకు 6 వారాలప్పటి ఐదూ మళ్ళీ. 9 నెలలు నిండాక తట్టు, రుబెల్లాలకు ఎంఆర్ మొదటి సూది, పీసీవీ బూస్టర్, పోలియో సూది మూడో డోసు, దాంతోపాటు లక్ష యూనిట్ల విటమిన్-ఎ. ఈ మూడో పోలియో సూదిని 2023 జనవరి నుంచి చేర్చారు, అందుకే పెద్దబిడ్డ కార్డులో అది కనిపించకపోవచ్చు. 16 నుంచి 24 నెలల మధ్య ఎంఆర్ రెండోది, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు డీపీటీ బూస్టర్, పోలియో చుక్కల బూస్టర్. 5 ఏళ్ళు నిండాక డీపీటీ రెండో బూస్టర్. 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు ధనుర్వాతం, కంఠసర్పిలకు టీడీ. మెదడువాపు బెడద ఉన్న జిల్లాల్లో దానికి కూడా రెండు డోసులు వేస్తారు.

గర్భిణికి టీడీ రెండు, మధ్యలో 4 వారాల ఎడం. గత మూడేళ్ళలో అయిన కాన్పుకు రెండూ పడి ఉంటే ఈసారి బూస్టర్ ఒక్కటి చాలు.

ఎక్కడ వేస్తారు? ఏ రోజు?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సాధారణంగా బుధవారం, శనివారం. సబ్ సెంటర్, పీహెచ్‌సీ, పట్టణ ఆరోగ్య కేంద్రం, అంగన్‌వాడీ కేంద్రం, ఏరియా ఆసుపత్రి, వీటిలో ఎక్కడైనా వేయించుకోవచ్చు. మీ వీధి అంగన్‌వాడీకి నెలలో ఏ వారం వస్తారో ఆశా కార్యకర్తకు తెలుసు. ఆమె చేతిలో ఆ రోజు పిలవాల్సిన పిల్లల జాబితా ఉంటుంది. అందులో మీ బిడ్డ పేరుందా అని నోరు తెరిచి అడగండి. జాబితాలో లేని బిడ్డ కోసం ఎవరూ ఇంటికి రారు.

మాకు ఆధార్ లేదు, రేషన్ కార్డు వేరే రాష్ట్రంలో ఉంది. వేస్తారా?

వేయాలి. పిల్లల టీకాకు ఆధార్, రేషన్ కార్డు, స్థానిక చిరునామా ఏవీ షరతు కావు. ఒడిశా నుంచి వచ్చినా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లో ఉంటున్నా, బిడ్డ ఆ రోజు ఎక్కడుంటే అక్కడి సిస్టరే వేయాలి. కార్డు లేకపోతే కొత్త కార్డు రాసిస్తారు. పుట్టిన తేదీ సరిగ్గా తెలియకపోతే పండగో పంటో గుర్తుగా అడిగి అంచనా వయసు రాస్తారు.

"ఆధార్ తెచ్చాక రండి" అని ఎవరైనా అంటే అది రూలు అయ్యుండదు. చాలాసార్లు ఆన్‌లైన్ ఎంట్రీలో ఆ గడి ఖాళీగా ఉండటం వాళ్ళకు ఇబ్బంది. "ముందు సూది వేయండి సిస్టర్, నంబరు తర్వాత ఇస్తాం" అనడమే మంచిది. వాదన పెట్టుకుంటే బిడ్డకు సూది ఆలస్యమవుతుంది.

పురుటికి పుట్టింటికి వచ్చాను. కార్డు అత్తగారి ఊళ్ళో రాశారు. ఇక్కడ వేస్తారా?

వేస్తారు. తెలుగు ఇళ్ళలో టీకా తప్పిపోయే దారుల్లో ఇదొక పెద్ద దారి, దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. తొలి కాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వస్తారు, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక వెళ్తారు. 6, 10, 14 వారాల టీకాలు సరిగ్గా ఆ మధ్యలోనే పడతాయి. అత్తవారి ఊరి ఆశా "పుట్టింట్లో వేయించుకుంటుంది" అనుకుంటుంది, పుట్టింటి ఊరి ఆశా జాబితాలో పేరే ఉండదు. పుట్టింటికి వచ్చిన వారంలోనే అమ్మనో వదిననో పంపి ఆ ఊరి ఆశాకు కబురు చేయండి. ప్రయాణంలో కార్డును బిడ్డ బట్టల సంచిలో పెట్టుకోండి. బీరువాలో పెట్టిన కార్డు అవసరానికి చేతికి రాదు.

కార్డు పోయింది. ఏం చేయాలి?

వేసిన చోట రిజిస్టరులో నమోదు ఉంటుంది. టీకా వేసిన నెల, తల్లి పేరు, ఫోన్ నంబరు చెబితే వెతికి కొత్త కార్డు రాసిస్తారు. ఊరు దూరమైతే అక్కడి ఆశాకు ఫోన్ చేసి రిజిస్టరు పేజీ ఫొటో అడగండి. ఏ ఆధారమూ దొరక్కపోతే తల్లి గుర్తును బట్టి, ఎడమ భుజం మీద బీసీజీ మచ్చను బట్టి నిర్ణయిస్తారు. తేలకపోతే వేయనట్టే లెక్కవేసి వేస్తారు. ఒక డోసు అదనంగా పడితే పెద్ద నష్టం లేదు, అసలు పడకపోవడమే నష్టం. ప్రతిసారీ ఇంటికి రాగానే కార్డు రెండు వైపులా ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి.

యూ-విన్ అంటే ఏమిటి? స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళ సంగతేమిటి?

గర్భిణుల, పిల్లల టీకా వివరాలు దేశమంతటా ఒకేచోట నమోదయ్యే ఆన్‌లైన్ వ్యవస్థ యూ-విన్. 2023 జనవరిలో 65 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2024 అక్టోబరులో దేశవ్యాప్తం చేశారు. వలస కుటుంబాలకు ఇది నిజంగా ఉపయోగం. ఒడిశాలోని నువాపడాలో పడిన డోసు పెద్దపల్లిలో కనిపిస్తుంది, సర్టిఫికెట్ ఫోన్‌లోనే దొరుకుతుంది.

ఫోన్ లేకపోయినా టీకా ఆగకూడదు. సిస్టరే తన దగ్గర నమోదు చేస్తుంది. ఇక్కడ కోవిడ్ నాటి పాఠం గుర్తుంచుకోవాలి. 2021 మే 1న 18 నుంచి 44 ఏళ్ళవాళ్ళకు టీకా మొదలుపెట్టినప్పుడు కోవిన్‌లో ముందే స్లాటు బుక్ చేసుకోవాలన్నారు. వేగంగా వేళ్ళు కదిపే పట్నంవాళ్ళు కార్లలో పల్లె పీహెచ్‌సీలకు వెళ్ళి వేయించుకున్నారు, ఆ ఊరివాళ్ళు వరండాలో నిలబడి చూశారు. ఈ డిజిటల్ అంతరాన్ని సుప్రీంకోర్టు ఆ నెలాఖరులో గట్టిగానే ప్రశ్నించింది. జూన్ 21 నుంచి విధానం మారింది, అన్ని కేంద్రాల్లోనూ నేరుగా వెళ్ళినా వేయాలన్నారు. ఏ యాప్ వచ్చినా కాగితం మీద, మనిషి ముందు పని జరిగే దారి ఒకటి తెరిచి ఉండాలి.

యూ-విన్‌లో వచ్చే చిక్కు ఫోన్ నంబరుతోనే. మేస్త్రీ నంబరు ఇస్తే సందేశాలు మేస్త్రీకి పోతాయి. సిమ్ మార్చినవాళ్ళు పాత నంబరు, తల్లి పేరు చెప్పి పాత ఖాతా వెతికించుకోవాలి, లేకపోతే ఒకే బిడ్డకు రెండు ఖాతాలు తయారవుతాయి.

మధ్యలో రెండు డోసులు తప్పాయి. మళ్ళీ మొదటి నుంచి వేయాలా?

అక్కర్లేదు. ఆగిన చోటు నుంచి కొనసాగిస్తారు. ఎంత ఆలస్యమైనా అంతకుముందు పడిన డోసు వృథా కాదు. తిడతారన్న భయంతో వెళ్ళడం మానేసే తల్లులు చాలామంది ఉన్నారు. తిట్టినా సరే, వెళ్ళండి.

గడువులు ఇవి. బీసీజీ ఏడాది లోపు. పెంటావాలెంట్, రోటా మొదటి డోసులు ఏడాది లోపు పడితే మిగతావి ఏడాది దాటాక కూడా పూర్తి చేస్తారు. ఏడాది దాటినా పెంటావాలెంట్ ఒక్కటీ పడకపోతే దాని బదులు డీపీటీ మూడు డోసులు, నాలుగేసి వారాల ఎడంతో. డీపీటీ 7 ఏళ్ళ దాకా వేయవచ్చు. పోలియో చుక్కలు, ఎంఆర్ 5 ఏళ్ళ దాకా. ఎంఆర్ రెండు డోసుల మధ్య కనీసం నెల ఉండాలి. రెండేళ్ళ బిడ్డకు ఏమీ పడలేదనుకోండి, మొదటి రోజే డీపీటీ, పోలియో చుక్కలు, ఎంఆర్ మూడూ ఇవ్వవచ్చు. ఒకే రోజు రెండు మూడు సూదులు పడితే బిడ్డ తట్టుకోలేదన్నది మన భయమే. విడివిడిగా వేయిద్దామని వాయిదా వేస్తే కూలి రోజులు మూడు పోతాయి, ఎక్కువగా మూడోది పడదు.

జలుబు, విరేచనాలు, తక్కువ బరువు ఉంటే వేయకూడదా?

వేయాలి. జలుబు, దగ్గు, కొద్దిపాటి జ్వరం, విరేచనాలు, యాంటీబయాటిక్ వాడకం ఏవీ అడ్డు కావు. తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కూడా పుట్టిన తేదీ లెక్కనే వేస్తారు. నిజానికి వాళ్ళకే జబ్బు ముప్పు ఎక్కువ. ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బు, లేదా ఇదే టీకాకు గతంలో తీవ్రమైన అలర్జీ, ఇవి ఉంటేనే డాక్టరు నిర్ణయానికి వదలాలి. హెచ్‌ఐవీ ఉన్న తల్లి బిడ్డకు బీసీజీ విషయం డాక్టరుతో మాట్లాడాలి.

"ఇవాళ పిల్లలు తక్కువ వచ్చారు, వచ్చే వారం రండి" అని పంపేశారు. సరైనదేనా?

కాదు. అయితే ఎందుకలా అంటారో తెలిస్తే మాట్లాడటం తేలికవుతుంది. బీసీజీ, ఎంఆర్ పొడిగా సీసాలో వస్తాయి, ద్రావకం కలిపాక 4 గంటల్లో వాడకపోతే పారేయాలి. ఒక సీసాలో ఐదో పదో డోసులుంటాయి. ఒక బిడ్డ కోసం తెరిస్తే మిగతావి వృథా అవుతాయి, వృథా లెక్క పైవాళ్ళు అడుగుతారని సిస్టరుకు బెంగ. మార్గదర్శకం మాత్రం స్పష్టంగానే ఉంది: ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలి. పెంటావాలెంట్, డీపీటీ, టీడీ, హెపటైటిస్-బి, పీసీవీ, పోలియో సీసాల విషయంలో ఆ సాకు కూడా లేదు. చల్లదనం తప్పకుండా ఉంటే తెరిచిన సీసాను 28 రోజుల దాకా వాడవచ్చు.

చిన్న గూడేల్లో పిల్లలెప్పుడూ తక్కువే ఉంటారు. పదిమంది పోగయ్యే దాకా సీసా తెరవమంటే నల్లమలలో ఏ చెంచు గూడేనికీ తట్టు టీకా ఎప్పటికీ పడదు.

మా ఇటుక బట్టీలో యాభై కుటుంబాలున్నాయి. యజమానిగా, మేస్త్రీగా మేమేం చేయాలి?

ఒడిశాలోని బలాంగీర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలు ఏటా నవంబరు, డిసెంబరుల్లో వచ్చి మే, జూన్ దాకా ఉంటాయి. అంటే ఇక్కడే పుట్టే పిల్లలున్నారు, ఇక్కడే 6 వారాలు నిండే పిల్లలున్నారు. జట్లు దిగిన మొదటి వారంలోనే ఒక జాబితా రాయండి. అయిదేళ్ళ లోపు ప్రతి బిడ్డ పేరు, తల్లి పేరు, వయసు, చివరి టీకా ఎప్పుడు పడింది, గర్భిణులు ఎందరు, ఎన్నో నెల, తిరిగి వెళ్ళే అంచనా తేదీ. దాన్ని పీహెచ్‌సీలో ఇచ్చి, బట్టీని ప్రత్యేక శ్రద్ధ అవసరమైన ప్రాంతంగా వాళ్ళ ప్రణాళికలో చేర్చమని అడగండి. సంచార జాతుల గుడారాలు, భవన నిర్మాణ స్థలాలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. "ఇక్కడ పిల్లలెవరూ లేరు" అని గేటు దగ్గరే సిస్టరును తిప్పి పంపడం చాలాచోట్ల జరిగేదే. బాలకార్మికుల తనిఖీ అనుకుని భయపడతారు. టీకా రిజిస్టరు వేరు, కార్మిక శాఖ రిజిస్టరు వేరు.

ఇక వేళ సంగతి. ఎండ పడకుండా చాలా బట్టీల్లో పని తెల్లవారకముందే మొదలవుతుంది. పొద్దున పదికి సిస్టర్ వస్తే తల్లులు పనిలోనో, అలసి నిద్రలోనో ఉంటారు. వారపు సంత రోజున పని ఉండదు కాబట్టి ఆ రోజు సాయంత్రం పెట్టించండి. పెంటావాలెంట్ తర్వాత ఒక రోజు జ్వరం ఉండొచ్చు, ఆ మర్నాడు తల్లికి కూలి కోయకండి. ఈ ఒక్క పని గోడల మీద నినాదాలన్నిటికంటే ఎక్కువ టీకాలు వేయిస్తుంది. ఒడియా వచ్చిన మనిషిని ఒకరిని పక్కన నిలబెట్టండి. తిరుగు ప్రయాణానికి పది రోజుల ముందు కార్డులన్నీ చూసి, తర్వాతి డోసు తేదీ రాయించండి.

మన పల్లెల నుంచి వెళ్ళేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. కర్నూలు వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వెళ్ళే కుటుంబాలు, పాలమూరు నుంచి వెళ్ళే తాపీ జట్లు బయల్దేరేముందు కార్డు సంచిలో ఉందో లేదో చూసుకోవాలి.

ఏజెన్సీ గూడేలకు టీకా ఎలా చేరుతుంది? ఎక్కడ తెగిపోతుంది?

టీకాను పల్లె ఆరోగ్య కేంద్రం నుంచి తొడ దాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. పీహెచ్‌సీలోని ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటరుకు రోజులో 8 గంటలు కరెంటు ఉంటే చాలు, మిగతా వేళ మంచు పొర కాపాడుతుంది. అక్కడి నుంచి నీలం రంగు టీకా క్యారియరులో నాలుగు ఐస్‌ప్యాకుల మధ్య గూడేనికి బయల్దేరుతుంది. ఇందులో జరిగే పొరపాటు చాలామంది ఊహించేదానికి తలకిందులు. ఎండకంటే మంచే ఎక్కువ పాడుచేస్తుంది. ఫ్రీజరు నుంచి తీసిన ఐస్‌ప్యాకును వెంటనే పెట్టేస్తే పెంటావాలెంట్, డీపీటీ, టీడీ, హెపటైటిస్-బి, పీసీవీ గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. ప్యాకును బయట పెట్టి, పైన చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వచ్చాకే సర్దాలి. తొందరలో ఈ అరగంట ఎగ్గొడతారు.

దారి రెండో సమస్య. అల్లూరి సీతారామరాజు జిల్లాలో గర్భిణిని డోలీలో మోసుకొచ్చే గూడేలు ఇంకా ఉన్నాయి. మనిషే అలా కిందికి రావలసిన చోటికి క్యారియర్ పైకి వెళ్ళాలంటే నడకే. వానాకాలం వాగులు పొంగితే వారాల తరబడి తెగిపోతాయి. అందుకే జూన్ రాకముందే గూడేలవారీగా పడాల్సిన డోసులు లెక్కగట్టి, అర్హత వచ్చిన పిల్లలందరికీ ఏప్రిల్, మేలలో పూర్తి చేయడం తెలివైన పద్ధతి. కోయ, కొండరెడ్డి ఇళ్ళలో పోడు పనుల రోజుల్లో పగలు ఎవరూ ఉండరు. సంత దగ్గర టీకా బల్ల పెడితే ఇంటింటికీ తిరిగినదానికంటే ఎక్కువమంది దొరుకుతారు.

సర్కారు టీకా నాసిరకమా? ప్రైవేటులో "నొప్పి లేని సూది" మేలు అంటున్నారే?

రెండు చోట్లా వాడే టీకా బ్యాచ్‌లను కసౌలీలోని కేంద్ర ఔషధ ప్రయోగశాల పరీక్షించాకే విడుదల చేస్తారు. నొప్పి తక్కువ ఉండే రకంలో కోరింత దగ్గు భాగం వేరుగా తయారవుతుంది. జ్వరం తక్కువ వస్తుంది, కాని రక్షణ కూడా త్వరగా తగ్గుతుంది. ప్రైవేటులో అదనంగా దొరికేవి టైఫాయిడ్, ఆటలమ్మ, హెపటైటిస్-ఎ, ఫ్లూ వంటివి. స్తోమత ఉంటే అవి కొనుక్కుని, మిగతావన్నీ సర్కారులో వేయించుకోవచ్చు. కలగలిపితే తప్పేమీ లేదు, రెండూ ఒకే కార్డులో రాయించండి.

రోటా టీకా చూడండి. హైదరాబాద్‌లో తయారైంది, 2016లో దేశంలో మొదటగా ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హెపటైటిస్-బి టీకాను 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తయారుచేశాకే మన దేశంలో ధర సామాన్యుడి అందుబాటులోకి దిగింది. ప్రపంచానికి టీకాలు పంపే నగరం ఇది. గంట ప్రయాణం దూరంలో ఉన్న బట్టీ బిడ్డకు అదే టీకా పడకపోవడం మనకు సిగ్గే.

నమ్మకం కుదరకపోతే సీసా చూపించమనండి. లేబులు మీద గుండ్రటి గుర్తులో చిన్న చతురస్రం ఉంటుంది. చతురస్రం చుట్టూ ఉన్న రంగుకంటే తెల్లగా ఉంటే మంచిది. రంగు కలిసిపోయినా, ఇంకా ముదిరినా వాడకూడదు. ఈ గుర్తు వేడినే పట్టిస్తుంది, గడ్డకట్టిందా లేదా అన్నది చెప్పదు.

మా పిల్లలకు అన్నీ వేయించాం. పక్క బస్తీ పిల్లలకు పడకపోతే మాకేంటి?

తట్టు ఆగాలంటే రెండు డోసులూ 95 శాతం పిల్లలకు పడాలి. 9 నెలలు నిండని మీ పసిబిడ్డకు టీకా వేసే వీలే లేదు. ఆ బిడ్డకు కాపలా చుట్టుపక్కల పిల్లల టీకాలే.

హైదరాబాద్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. 2011 జనవరిలో హౌరాలో వచ్చిన కేసుతో దేశంలో పోలియో ఆఖరైంది, 2014 మార్చిలో ధ్రువపత్రం వచ్చింది. 2016లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో చుక్కల టీకాలోని వైరస్ మార్పు చెందగా వచ్చిన రెండో రకం పోలియో వైరస్ కనిపించింది. ఏ బిడ్డకూ జబ్బు రాలేదు. అయినా జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ముప్పున్న ప్రాంతాలు ఎంచుకుని సుమారు 3 లక్షల మంది పిల్లలకు పోలియో సూది వేశారు. చర్మంలోకి 0.1 మిల్లీలీటరు, అంటే మామూలు మోతాదులో అయిదో వంతు. మురుగు కాలువకు బస్తీ, కాలనీ తేడా తెలియదు.

జ్వరం, గడ్డ వస్తే?

వేశాక అరగంట అక్కడే ఉండండి. పెంటావాలెంట్, డీపీటీ తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ వాపు మామూలే. పారాసిటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. 5 కిలోల బిడ్డకు 50 నుంచి 75 మిల్లీగ్రాములన్నమాట. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుంటాయి, సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 ఉండొచ్చు, 250 ఉండొచ్చు. చుక్కల మందును చెంచాతో కొలిస్తే మోతాదు చాలా రెట్లు పెరిగిపోతుంది. సీసా మీద ఏముందో సిస్టరుకు చూపించి గీత గీయించుకోండి.

బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకు చిన్న పొక్కు వచ్చి, పగిలి, మచ్చ పడుతుంది. దానికి పసుపు, సున్నం, మందు ఏమీ రాయకండి. మచ్చ పడకపోయినా మళ్ళీ వేయనక్కర్లేదు. ఫిట్స్, ఊపిరాడకపోవడం, ముఖం వాపు, ఒళ్ళు వేలాడేసినట్టు కావడం, మూడు గంటలు దాటి ఆపకుండా ఏడవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108.

హాస్టల్లో మా అమ్మాయికి మాకు చెప్పకుండా టీకా వేయవచ్చా?

తల్లిదండ్రుల అంగీకారం అడగాలి. ఈ ప్రశ్న ఉత్తినే వచ్చింది కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి ఒక ప్రయోగాత్మక కార్యక్రమంలో వేశారు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లోని గిరిజన పిల్లలు. అనేక అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు బాలికల మరణాలు వెలుగులోకి వచ్చి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. అంగీకారం తీసుకున్న తీరు మాత్రం తప్పని తేలింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా గట్టిగా తప్పుపట్టింది.

టీకా మంచిదే. అడగకుండా వేయడం వల్ల మంచి టీకా మీద కూడా ఏళ్ళ తరబడి అనుమానం మిగిలింది. హాస్టళ్ళలో టీకా వేసేముందు తల్లిదండ్రులకు వాళ్ళ భాషలో, కోయలోనో గోండిలోనో, దేనికి వేస్తున్నారో చెప్పాలి, వద్దనే హక్కు ఉందని కూడా చెప్పాలి. అది జరగకపోతే అడగండి.

మంచం దిగలేని పెద్దలు, గుర్తింపు కార్డు లేనివాళ్ళు?

కోవిడ్‌లో ఇవి సాధ్యమేనని రుజువైంది. గుర్తింపు కార్డు లేనివాళ్ళకు 2021 మేలో ప్రత్యేక విధానం ఇచ్చారు, కదలలేనివాళ్ళకు ఇంటి దగ్గరే వేయడానికి సెప్టెంబరులో అనుమతించారు. ఎక్కడైనా శిబిరం పెట్టేవాళ్ళు కనీసం ర్యాంపు, కూర్చునే చోటు, వినికిడి లేనివాళ్ళ కోసం రాసి చూపించే పలక, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను వాళ్ళు చెప్పిన పేరుతో పిలవడం చూసుకోవాలి. పాత పేరుతో గట్టిగా పిలిచిన చోటికి ఎవరూ రెండో డోసుకు రారు.

కుక్క కరిస్తే టీకా ఉచితమేనా?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ముందు గాయాన్ని 15 నిమిషాలు ధారగా పారే నీళ్ళ కింద సబ్బుతో కడగండి. పసరు, కారం పెట్టొద్దు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులకు రెండేసి చోట్ల 0.1 మిల్లీలీటరు చొప్పున వేస్తారు. రక్తం కారిన కాటుకు మొదటి రోజే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా పడాలి. అది పీహెచ్‌సీలో లేకపోతే ఎక్కడుందో రాయించుకుని అదే రోజు వెళ్ళండి. పేదలకు ఎక్కువగా తప్పేది 28వ రోజు డోసు, నొప్పి తగ్గి పనికి వెళ్ళిపోవడంతో.

వేయకుండా తిప్పి పంపితే ఎవరికి చెప్పాలి?

మొదట పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు. తర్వాత జిల్లా వైద్యాధికారి కార్యాలయంలోని జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి. 104కు ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వవచ్చు, ఏజెన్సీలో గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారికి ఇవ్వవచ్చు. అర్జీలో నాలుగు సంగతులు రాయండి: తేదీ, కేంద్రం పేరు, బిడ్డకు పడాల్సిన టీకా, వాళ్ళు చెప్పిన కారణం వాళ్ళ మాటల్లోనే. "సీసా తెరవం", "ఆధార్ కావాలి" అన్న మాటలు ఉన్నదున్నట్టు రాస్తే ఆ కేంద్రంలో అడ్డెక్కడుందో అధికారికి తెలుస్తుంది. రసీదు తీసుకుని కార్డుకు పిన్ను కొట్టుకోండి.